రిపోర్టులో "నార్మల్" అని ఉంటే ఏమని అర్థం?



ఉదయం ఓ.పి. మొదలైనప్పటి నుండి రాత్రి డ్యూటీ దిగే వరకు మేము ఎక్కువసార్లు వినే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్ గారూ, అంతా నార్మలేనా అండీ?" ల్యాబ్ కిటికీ దగ్గర కాగితం అందుకున్నవారు అడుగుతారు. లేబర్ రూము బయట నిలబడ్డ అత్తగారు అడుగుతారు. ఒక్క ఇంగ్లీషు ముక్క రాని పెద్దమ్మ కూడా "నారుమలేనా తల్లీ" అని అడుగుతుంది. మేము "నార్మలే" అనగానే అందరి ముఖాలూ తేటపడతాయి. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బస్సుకు వెళ్ళిపోతారు.

ఇంత చిన్న మాటకు ఇంత బలం ఉన్నప్పుడు, దాని అర్థం అందరికీ ఒకటే అయి ఉండాలి. కాని అలా లేదు. డాక్టరు రాసే నార్మల్ ఒకటి, ల్యాబ్ మిషను అచ్చువేసే నార్మల్ ఒకటి, సెలైన్ సీసా మీద ఉండే నార్మల్ మరొకటి, మీరు ఇంటికి తీసుకెళ్ళే నార్మల్ ఇంకొకటి. ఈ తేడా తెలియక జరిగే నష్టం చిన్నది కాదు. అందుకే ఈసారి ఒక జబ్బు గురించి కాకుండా ఒక మాట గురించి రాస్తున్నాము.

మా వల్ల జరిగిన ఒక పొరపాటు

ముందుగా మా తప్పు మేము ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక రైతు బి.పి. చూపించుకోవడానికి మా దగ్గరకు వచ్చేవారు. మొదట వచ్చినప్పుడు 170/100 ఉంది. డాక్టరు గారు మాత్రలు రాశారు. రెండు నెలలకు 124/80కి దిగింది. చీటీ మీద "బి.పి. నార్మల్" అని రాసి ఉంది. మా సిస్టర్ కూడా నవ్వుతూ "మీ బి.పి. నార్మల్ అయిపోయిందండీ" అని చెప్పి పంపించింది. ఆయన సంతోషంగా ఇంటికి వెళ్ళి మాత్రలు మానేశారు. నార్మల్ అయ్యాక మందెందుకు అనుకున్నారు. ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు.

నాలుగు నెలల తరువాత ఆయనను ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. నోరు ఒక పక్కకు వంగిపోయింది. బి.పి. 200 దాటి ఉంది. మాట సరిగా రాకపోయినా ఆయన మాతో అన్నది మాకు అర్థమైంది. "మీరే గదమ్మా నార్మల్ అన్నారు."

ఆ రోజు మేము అన్నది అబద్ధం కాదు. ఆ నిమిషంలో కొలిస్తే వచ్చిన అంకె నార్మలే. కాని మేము చెప్పింది సగం మాట. "మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి నార్మల్, మాత్ర ఆపితే మళ్ళీ పెరుగుతుంది" అన్న మిగతా సగం మా నోట్లోనే ఉండిపోయింది. ఆ సగం మాట ఖరీదు ఒక రైతు కుడి చెయ్యి. ఆయన అనుమతితోనే, పేరు లేకుండా, ఇది ఇక్కడ రాస్తున్నాము.

ఈ మాట ఎక్కడి నుండి వచ్చింది?

వడ్రంగి పని చూసినవారికి మూలమట్టం తెలిసే ఉంటుంది. చెక్క మూల సరిగా ఉందో లేదో పెట్టి చూసే పనిముట్టు. లాటిన్ భాషలో దాని పేరు "నార్మా". నార్మల్ అనే ఇంగ్లీషు మాట దాని నుండే పుట్టింది. మొదట్లో దాని అర్థం "మూలమట్టానికి సరిపోయింది" అనే. గణితంలో నేటికీ ఒక గీతకు నిలువుగా నిలబడే గీతను నార్మల్ అంటారు. తరువాత తరువాత "అందరిలాగే ఉన్నది", "బాగున్నది", "జబ్బు లేనిది" అనే అర్థాలు ఒకదాని మీద ఒకటి వచ్చి చేరాయి.

మూలమట్టం సంగతి గుర్తుంచుకుంటే ఈ వ్యాసంలో సగం అర్థమైనట్టే. దేనినైనా నార్మల్ అన్నామంటే దేనికో పెట్టి చూశామని అర్థం. కాబట్టి "నార్మల్" అని వినగానే "ఏ మట్టం పెట్టి చూశారు?" అని అడగడం న్యాయమే. ఇక ఒక్కొక్క మట్టాన్నీ చూద్దాం.

ల్యాబ్ కాగితం మీద నార్మల్

మీ రక్త పరీక్ష కాగితంలో మీ అంకె పక్కనే రెండు అంకెలు ఉంటాయి. ఇంత నుండి ఇంత వరకు అని. వాటి మధ్య ఉంటే నార్మల్, దాటితే పక్కన ఒక చుక్క గుర్తో, ఎక్కువ అని తెలిపే "హెచ్" అక్షరమో, తక్కువ అని తెలిపే "ఎల్" అక్షరమో పడుతుంది. ఆ గుర్తు చూసి రాత్రంతా నిద్రపోని వారున్నారు.

ఆ రెండు అంకెలు ఎలా వచ్చాయో చెబుతాము. ఆరోగ్యంగా ఉన్న చాలామందికి ఆ పరీక్ష చేస్తారు. వచ్చిన అంకెలను చిన్నది మొదలు పెద్దది వరకు వరుసగా పేరుస్తారు. అటు చివర కొన్ని, ఇటు చివర కొన్ని వదిలేసి, మధ్యలో ఉన్న నూటికి 95 మంది అంకెలను హద్దులుగా తీసుకుంటారు. చాలా పరీక్షలకు ఇదే పద్ధతి. అంటే ఏ జబ్బూ లేనివారిలో కూడా నూటికి అయిదుగురు ఆ హద్దు బయటే ఉంటారు. హద్దును గీసిన పద్ధతే అలాంటిది.

ఇప్పుడు ఒకరికి ఒకేసారి 20 రకాల పరీక్షలు చేశారనుకోండి. ఆ పరీక్షలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా ఏదో ఒకదానిలో గుర్తు పడే అవకాశం నూటికి 64 వంతులు. కాబట్టి పెద్ద ప్యాకేజీ చెకప్ చేయించుకుని, ఒక్క అంకె కొంచెం అటూ ఇటూ ఉందని బెంగపడకండి. డాక్టరుకు చూపించండి. ఆయన మీ మిగతా పరిస్థితితో కలిపి చూసి చెబుతారు.

మరో సంగతి. ఎవరి మట్టం వారిదే. హిమోగ్లోబిన్ పెద్ద వయసు మగవారికి 13 గ్రాములకు తగ్గకూడదు, ఆడవారికి 12కు తగ్గకూడదు. గర్భిణీకి మొదటి మూడు నెలల్లోనూ చివరి మూడు నెలల్లోనూ 11, మధ్య నెలల్లో 10.5 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. ఒకే అంకె ఒకరికి నార్మల్, మరొకరికి రక్తహీనత. ఎదిగే పిల్లలకు ఎముకలు పెరుగుతుంటాయి కాబట్టి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే పరీక్షలో అంకె పెద్దలకన్నా బాగా ఎక్కువ వస్తుంది. కాగితం మీద పెద్దల హద్దులు అచ్చువేసి ఉంటే "హెచ్" పడుతుంది, తల్లి భయపడుతుంది. బిడ్డ మాత్రం చక్కగా ఎదుగుతూ ఉంటాడు.

ఇలాంటి గందరగోళం చూసే, ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు 1969లో "నార్మల్ విలువలు" అనే మాట బదులు "పోల్చి చూసుకునే విలువలు" అనే అర్థం వచ్చే మాట వాడాలని సూచించారు. ఇప్పుడు చాలా ల్యాబ్ కాగితాల మీద "రిఫరెన్స్" అని ఉండేది అదే. ఆ మాట మారినా మన నోట మాత్రం నార్మలే మిగిలింది.

అందరికీ ఉన్నదంతా నార్మల్ కాదు

"మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఈ నీరసం మామూలేనండీ. మా అమ్మకూ ఇంతే, మా అక్కకూ ఇంతే." ఇది మేము స్త్రీల వార్డులో వారానికి నాలుగుసార్లు వినే మాట. ఇక్కడ నార్మల్ అంటే "నలుగురికీ ఉన్నది" అని అర్థం.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది. సగం కన్నా ఎక్కువ మందికి ఉంది కాబట్టి అది నార్మల్ అందామా? అలా అంటే జబ్బే మట్టమైపోతుంది. ఊరంతా వంకరగా ఉన్న బద్దతో కొలిస్తే గోడలన్నీ తిన్నగానే కనిపిస్తాయి. మెట్లెక్కితే ఆయాసం, పని చేస్తే గుండె దడ, కనురెప్పల లోపల పాలిపోవడం మీ ఇంట్లో ఎంతమందికి ఉన్నా అది నార్మల్ కాదు. రక్త పరీక్ష చేయించుకోండి. ఐరన్ మాత్రలు రాస్తే చెప్పినన్నాళ్ళు వాడండి.

ఈ కారణం వల్లనే షుగరు, బి.పి. వంటి వాటికి హద్దును నూటికి 95 మంది లెక్కతో గీయరు. ఏ అంకె దాటితే కళ్ళు, మూత్రపిండాలు, గుండె దెబ్బతినడం ఎక్కువవుతుందో చూసి నిర్ణయిస్తారు. కొత్త సంగతులు తెలిసినప్పుడు ఆ హద్దు మారుతుంది. పరగడుపు షుగరు 140 ఉంటేనే మధుమేహం అని ఒకప్పుడు అనేవారు. అమెరికా మధుమేహ సంఘం 1997లో దానిని 126కు దించింది. 2003లో నార్మల్ పై హద్దును 110 నుండి 100కు దించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఈ 110 హద్దును అలాగే ఉంచింది. బరువు సంగతీ అంతే. ఎత్తుకు తగిన బరువు చూసే బి.ఎమ్.ఐ. లెక్కలో 25 వరకు నార్మల్ అని పాశ్చాత్య దేశాల పుస్తకాలు చెబుతాయి. మన ఆసియా వారికి 23 దాటినప్పటి నుండే జాగ్రత్త పడాలని 2004లో నిపుణులు చెప్పారు, ఎందుకంటే మనకు తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది.

కాబట్టి పదేళ్ళ క్రితం నార్మల్ అన్న రిపోర్టు ఇప్పుడు కూడా నార్మల్ అని అనుకోకండి. మీ శరీరమూ మారి ఉండవచ్చు, హద్దూ మారి ఉండవచ్చు.

జ్వరం నార్మల్ అయింది, ఇంటికి పోవచ్చా?

98.6 డిగ్రీలు అందరికీ నోటికి వచ్చిన అంకె. దీనిని మనకిచ్చినవారు కార్ల్ వుండర్లిష్ అనే జర్మన్ వైద్యుడు. సుమారు 25,000 మంది రోగుల చంకలో థర్మామీటరు పెట్టి కొలిచిన లెక్కలతో 1868లో ఆయన పుస్తకం వేశారు. 1992లో అమెరికాలో 148 మంది ఆరోగ్యవంతులను మళ్ళీ కొలిచి చూస్తే సగటు 98.2 వచ్చింది. అంతకన్నా ముఖ్యం, ఒకే మనిషికి తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. అందుచేత 98.6 ఒక్కటే నార్మల్ కాదు. సాయంత్రం 99 ఉందని జ్వరం మాత్ర మింగనక్కరలేదు. అయితే మూడు నెలల లోపు పసిబిడ్డకు 100.4 వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఇక్కడ మేము గట్టిగా చెప్పవలసింది ఒకటుంది. వానాకాలంలో డెంగ్యూ జ్వరాలు వస్తాయి. మూడు నాలుగు రోజులు ఒళ్ళు కాలిపోయి, తరువాత జ్వరం దిగుతుంది. థర్మామీటరు నార్మల్ చూపిస్తుంది. "జ్వరం నార్మల్ అయింది సిస్టరమ్మా, మమ్మల్ని పంపించేయండి" అని ఇంటివారు తొందర పెడతారు. కాని డెంగ్యూలో ప్రమాదకరమైన కాలం చాలాసార్లు జ్వరం దిగేటప్పుడే మొదలవుతుంది. మూడవ రోజు నుండి ఏడవ రోజు మధ్యలో ఇది వస్తుంది. రక్తనాళాల నుండి నీరు బయటకు కారిపోతుంది, బి.పి. పడిపోతుంది. తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, చేతులు కాళ్ళు చల్లబడడం, మూత్రం తగ్గడం, మగతగా ఉండడం కనిపిస్తే థర్మామీటరు ఏమి చూపించినా వెంటనే రావాలి. థర్మామీటరు చెప్పే నార్మల్ ఒళ్ళు వేడి గురించి మాత్రమే, మనిషి గురించి కాదు.

"తేడా ఏమీ కనిపించలేదు"

మా కేస్ షీట్లలో డాక్టర్లు కొన్నిసార్లు మూడు అక్షరాలు రాస్తారు. ఎన్.ఎ.డి. అని. "అసాధారణమైనదేదీ కనిపించలేదు" అని దాని అర్థం. "కనిపించలేదు" అన్నారు గాని "లేదు" అనలేదు. ఈ రెండింటికీ మధ్య ఒక ప్రాణమంత తేడా ఉంది.

గుండెపోటు సంగతి చూడండి. ఛాతీలో బరువు, చెమటలు పట్టి వచ్చిన మనిషికి వెంటనే ఇ.సి.జి. తీస్తాము. గుండెపోటు మొదలైనవారిలో కూడా కొందరికి మొదటి ఇ.సి.జి. నార్మల్‌గానే ఉంటుంది. ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష కూడా గుండె కండరం దెబ్బతిన్న కొన్ని గంటలకు గాని పెరగదు. అందుకే కాసేపాగి మళ్ళీ ఇ.సి.జి., మళ్ళీ రక్త పరీక్ష చేస్తాము. "ఒకసారి నార్మల్ వచ్చింది గదా, మళ్ళీ ఎందుకు, డబ్బులకా?" అని కోప్పడే బంధువులున్నారు. మేము నొచ్చుకోము. మొదటి నార్మల్‌కు అర్థం "ఈ నిమిషానికి కనిపించలేదు" అని మాత్రమే. ఆ రెండవ పరీక్ష వద్దని లేచి వెళ్ళిపోకండి.

అమెరికా వైద్య సంఘం తన పత్రికల రచయితల కోసం వేసే శైలి గ్రంథంలో ఈ మాట గురించి ఒక నియమం ఉంది. పరీక్ష నార్మల్ అని రాయకూడదు, పరీక్షలో తేలిన ఫలితం నార్మల్ అని రాయాలి. పైకి చాదస్తంలా కనిపిస్తుంది గాని ఆలోచిస్తే మంచి నియమమే. నార్మల్ అన్నది పరీక్షకూ చెందదు, మనిషికీ చెందదు. ఆ రోజు తేలిన ఆ ఒక్క ఫలితానికి చెందుతుంది.

సెలైన్ సీసా మీద నార్మల్

"నార్మల్ సెలైన్ కాదమ్మా, కొంచెం స్ట్రాంగుది పెట్టండి" అని అడిగేవారున్నారు. నార్మల్ అంటే మామూలు రకం అనుకుంటారు. ఆ సీసాలో ఉన్నది లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన శుద్ధమైన నీరు. రక్తకణాలు ఉబ్బిపోకుండా, ముడుచుకుపోకుండా ఉండే పాళ్ళు అవి. 19వ శతాబ్దం చివర్లో హాంబర్గర్ అనే డచ్ శాస్త్రవేత్త చేసిన పరిశోధనలు ఈ పాళ్ళకు దగ్గరగా వచ్చాయి.

తమాషా ఏమిటంటే, రసాయన శాస్త్రంలో కూడా "నార్మల్ ద్రావణం" అని ఒకటుంది. ఉప్పుకు ఆ లెక్క వేస్తే లీటరుకు సుమారు 58 గ్రాములు కావాలి. అది నరంలోకి ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు. ఇక రక్తంతో పోల్చినా మన సెలైన్ సరిగ్గా నార్మల్ కాదు. రక్తంలో సోడియం 135 నుండి 145 వరకు ఉంటే, సెలైన్‌లో 154 ఉంటుంది. అందుకే గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి "నార్మలే గదా, ఒక సీసా ఎక్కించండి" అంటే కుదరదు. కాళ్ళు ఉబ్బి ఆయాసం రావచ్చు. నోటితో తాగగలిగిన మనిషికి, విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. నీళ్ళు చాలాసార్లు సరిపోతాయి.

నార్మల్ కాన్పు

మన ఊళ్ళలో ఆపరేషన్ లేకుండా బిడ్డ పుడితే నార్మల్ డెలివరీ. వైద్య రచనలలో అంత సులువుగా ఆ మాట వాడరు. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి అర్థం చెప్పింది. నొప్పులు వాటంతటవే రావాలి. మొదటి నుండి చివరి వరకు ప్రమాద సూచనలు ఉండకూడదు. బిడ్డ 37 నుండి 42 వారాల మధ్య, తల ముందుగా, దానంతట అదే పుట్టాలి. పుట్టిన తరువాత తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమంగా ఉండాలి. ఈ చివరి షరతు చూడండి. కాన్పు నార్మల్ అని బిడ్డ బయటకు వచ్చిన క్షణంలో చెప్పలేము, కొంత ఆగాకే చెప్పాలి.

కాన్పు తరువాత రక్తస్రావం చాలావరకు మొదటి 24 గంటల్లోనే వస్తుంది. "నార్మలే గదా, సాయంత్రానికి ఇంటికి తీసుకెళ్ళిపోతాం" అంటే మేము ఒప్పుకోనిది అందుకే. కనీసం ఒక పగలు, ఒక రాత్రి మా కళ్ళ ముందు ఉండనివ్వండి. బాలింతకు గుడ్డలు తొందర తొందరగా తడిసిపోతున్నా, కళ్ళు తిరుగుతున్నా వెంటనే సిస్టర్‌ను పిలవండి.

ఇంకొక మాట. అదే సర్వే ప్రకారం 2019-21 నాటికి తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు ఆపరేషన్ ద్వారా జరిగాయి. అవసరం లేని ఆపరేషన్లు తగ్గాలని మేమూ కోరుకుంటాము. కాని అవసరమై ఆపరేషన్ అయిన తల్లిని "నార్మల్‌గా కనలేకపోయింది" అని ఇంట్లో దెప్పడం అన్యాయం. ఆమె ఏ పొరపాటూ చేయలేదు. పత్యం, విశ్రాంతి, మంచి మాట ఆమెకూ కావాలి.

మనుషుల మీద ఆ ముద్ర వద్దు

అన్నింటికన్నా బాధపెట్టే వాడకం ఇది. "మీ బాబు నార్మల్ కాదటగా?" అని ఇరుగుపొరుగు అడిగారని ఒక తల్లి మా దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంది. బాబుకు డౌన్ సిండ్రోమ్ ఉంది. వాడు నవ్వుతాడు, అమ్మను వెతుక్కుంటాడు, పాటకు చప్పట్లు కొడతాడు.

లెక్కల శాస్త్రంలో గంట ఆకారంలో ఉండే ఒక వక్రరేఖ ఉంది. ఎత్తు వంటి కొలతలు చాలామందివి గీస్తే ఇంచుమించు ఆ ఆకారం వస్తుంది. దానికి "నార్మల్" అనే పేరును ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు కార్ల్ పియర్సన్ అనే ఇంగ్లీషు పండితుడు. ఆ పేరు వల్ల, అలా లేనివన్నీ ఏదో ఒక విధంగా లోపం ఉన్నవని జనం అనుకునే ఇబ్బంది ఉందని ఆయనే 1920లో రాశారు. లెక్కల విషయంలోనే అంత ఇబ్బంది ఉంటే, పసిబిడ్డ విషయంలో ఎంత ఉంటుందో ఆలోచించండి. వైద్య పత్రికలలో కూడా ఇప్పుడు "నార్మల్ పిల్లలు" అని రాయడం తగ్గించి, "ఆ జబ్బు లేని పిల్లలు" అని పోలిక ఏమిటో చెప్పి రాస్తున్నారు. మన ఇళ్ళలోనూ బిడ్డకు ఏ ఇబ్బంది ఉందో దాని పేరే చెబుదాం. వినికిడి తక్కువ, నడక ఆలస్యం, డౌన్ సిండ్రోమ్. పేరు చెబితే సహాయం దొరుకుతుంది. "నార్మల్ కాదు" అంటే తలుపు మూసుకోవడమే మిగులుతుంది.

ఇకపై మీరు అడగవలసినవి

మేము గాని, డాక్టరు గారు గాని "నార్మల్" అని చెప్పినప్పుడు మొహమాటం లేకుండా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

1. ఏది నార్మల్? బి.పి.యా, షుగరా, ఎక్స్‌రేలో తేలిందా? మిగతావి చూశారా?

2. ఎప్పటికి నార్మల్? ఇది ఈ రోజు మాటేనా? మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి?

3. మందు మీద నార్మలా, మందు లేకుండా నార్మలా? మందు ఆపవచ్చా, కొనసాగించాలా?

4. నార్మలే అయితే నా బాధ ఎందుకు తగ్గలేదు? ఇంకే పరీక్ష అవసరం?

నాలుగవ ప్రశ్న అడగడానికి చాలామంది జంకుతారు. రిపోర్టు నార్మల్ అంటే మీ నొప్పి అబద్ధమని కాదు. ఆ పరీక్షకు అది అందలేదని మాత్రమే. బాధ ఉన్నన్నాళ్ళు చెబుతూనే ఉండండి.

మా వంతుగా మేము కూడా ఒక పద్ధతి పెట్టుకున్నాము. మా వార్డులలో, ఓ.పి.లో ఏ సిస్టర్ అయినా నార్మల్ అనే మాటతో వాక్యం ముగించకూడదు. "మాత్ర వాడుతున్నారు కాబట్టి బి.పి. 124/80 ఉంది, మాత్ర ఆపవద్దు, నెల తరువాత రండి" అని పూర్తిగా చెప్పాలి. కొత్తగా చేరిన విద్యార్థినులకు మొదటి వారంలోనే ఇది నేర్పుతున్నాము. మేము మరచిపోతే మీరు గుర్తు చేయండి, కోపగించుకోము.

ఆ రైతు ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నడుస్తున్నారు. కుడి చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనం కాలేదు. ప్రతి నెలా బి.పి. చూపించుకోవడానికి వస్తారు. చీటీ చేతికి ఇవ్వగానే చదవరు. ముందు మా ముఖం చూసి, "మందు మీదేనా అమ్మా?" అని అడుగుతారు. "మందు మీదేనండీ, ఆపవద్దు" అని మేము చెప్పాకే లేస్తారు.

ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల అట్టలు తప్పక వెంట తెచ్చుకోండి. ఏ మట్టం పెట్టి చూడాలో వాటిని బట్టే మాకు తెలుస్తుంది.